కిటికీ ఉంది, ఆకాశం కనపడదు: టౌన్ ప్లానింగ్ అధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖల ముఖ్య కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్ట్‌ని. డిజైన్ చేసిన ఇళ్లకంటే, ఎవరో కట్టిన ఇళ్లలోకి పగటి వెలుతురు ఎంత వస్తోందో కొలిచిన ఇళ్లే నా లెక్కలో ఎక్కువ. ఉద్యోగ జీవితం చాలావరకు ఇందులోనే గడిచింది. "వెలుతురు మీద రీసెర్చ్ ఏంటండీ, కిటికీ పెడితే వస్తుంది కదా" అని పెళ్లిళ్లలో పక్క కుర్చీవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్లకు ఓ నవ్వు నవ్వి ఊరుకుంటాను. మీ దగ్గర అలా ఊరుకోలేను. మన భవన నిబంధనలు కూడా ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి మరి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పేది మీకు కొత్త కాదు. పొడి వేడి ప్రాంతాల్లో గది వైశాల్యంలో పదో వంతు, తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలకు వదలాలి. కిటికీ నుంచి 7.5 మీటర్లు దాటిన చోటుకు వెలుతురు అందినట్టు లెక్క వెయ్యకూడదు. ఇళ్లలో ఇంధన ఆదా కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా తెరుచుకునే కిటికీల వైశాల్యాన్ని శాతాల్లో చెప్పింది: హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి 12.5, విజయవాడ, విశాఖ లాంటి తేమ ప్రాంతాలకు 16.66. డ్రాయింగ్‌లో ఈ అంకె కుదిరితే పని అయిపోతుంది. ఆ కిటికీకి ఎదురుగా ఏముందని ఎవరూ అడగరు. అడగాల్సింది మాత్రం అదే.

2012 నాటి భవన నిబంధనల జీవో 168 తీసుకుందాం. 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, 10 మీటర్ల ఎత్తు ఇంటికి పక్కలకు వదలాల్సింది ఒక్క మీటరు. గజాల్లో చెప్పాలంటే 120 నుంచి 240 గజాల ప్లాట్లు. మన కాలనీల్లో సగటు మనిషి కొనుక్కోగలిగేది అవే. పక్కవాళ్లు కూడా బుద్ధిగా మీటరు వదిలారనుకుందాం. మధ్యలో రెండు మీటర్ల సందు మిగులుతుంది. కింది అంతస్తు కిటికీ మధ్య నుంచి, అంటే నేలకు మీటరున్నర ఎత్తు నుంచి చూస్తే ఎదుటి గోడ ఇంకా ఎనిమిదిన్నర మీటర్లు పైకి ఉంటుంది. కోణం లెక్కేస్తే దాదాపు 77 డిగ్రీలు. నడినెత్తిన మిగిలేది 13 డిగ్రీల పట్టీ. దాన్ని మన కిటికీ మీది రెండడుగుల సన్‌షేడ్ కప్పేస్తుంది.

గదిలోకి వెళితే ఇంకా అన్యాయం. కిటికీకి మీటరు లోపల బల్ల వేసుకుని చదువుకునే పిల్లాడిని ఊహించండి. ఏడడుగుల దగ్గరుండే లింటెల్ (కిటికీ పైఅంచు) వల్ల ఆ బల్ల మీద నుంచి 52 డిగ్రీలకు మించి పైకి కనపడదు. ఎదుటి గోడ అంచు దాటి ఆకాశం చూడాలంటే 70 డిగ్రీలు దాటాలి. కాబట్టి 52 డిగ్రీల దాకా పక్కింటి గోడ, ఆ పైన తన గది గోడ, దాని పైన స్లాబు. ఆ పిల్లాడి బల్ల మీదికి ఆకాశం నుంచి నేరుగా వచ్చే వెలుతురు సున్నా. కిటికీ సైజు రెట్టింపు చేసినా, లింటెల్ ఎత్తు మారనంత వరకు ఆ సున్నా సున్నాగానే ఉంటుంది. ఇదంతా నిబంధనల ప్రకారం కట్టిన ఇంటి సంగతే. అప్రూవ్ అయిన ప్లానును మీరి కట్టే డీవియేషన్ల జోలికి ఇంకా రాలేదు.

మరి ఆ గదుల్లో కాస్తో కూస్తో వెలుతురు ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. అది పక్కింటి గోడది.

మా లెక్కల్లో గదిలోకి వెలుతురు వచ్చే దారులు మూడు. ఆకాశం నుంచి నేరుగా వచ్చేది ఒకటి, బయటి గోడలకు, నేలకు తగిలి వచ్చేది రెండోది, లోపలి గోడలకు తగిలి పరుచుకునేది మూడోది. మొదటి దారి మూసుకుపోతే మిగతా రెండూ బయటి గోడ రంగు మీద ఆధారపడతాయి. తెల్ల సున్నం వేసిన గోడ తన మీద పడిన వెలుతురులో 70 శాతానికి పైగా తిరిగి ఇస్తుంది. ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ, మాసిన సిమెంటు గోడ అయితే 30 శాతం దాకా. సందులో వెలుతురు ఒక్కసారి తగిలి ఆగదు, ఈ గోడకూ ఆ గోడకూ తగులుతూ కిందికి దిగుతుంది. నాలుగుసార్లు తగిలిందనుకుంటే తెల్ల గోడల మధ్య పైన నూరు ఉన్న వెలుతురు కింద 24 మిగులుతుంది. ఇటుక గోడల మధ్య ఒకటి కూడా మిగలదు. అసలు లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది, తేడా మాత్రం ఈ తీరులోనే ఉంటుంది.

ఇప్పుడు నిజాంపేటలోనో బోడుప్పల్‌లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో ఏదో ఒక సందులోకి తొంగి చూడండి. ఇంటి ముందు టెక్స్చర్ పెయింటు, గ్రానైటు, స్టీలు రెయిలింగు. పక్కన గోడకు ప్లాస్టరింగే ఉండదు. పరంజా కట్టే చోటు లేదని మేస్త్రీ వదిలేస్తాడు, అటువైపు ఎవరు చూస్తారులే అని ఓనర్ ఊరుకుంటాడు. చూసేది పక్కింటివాళ్లు. ఆ గోడే వాళ్ల ఆకాశం. దాని మీద డ్రైనేజీ పైపులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, వాటి కింద నాచు పట్టిన నల్ల చారలు.

అలాంటి ఒక ఇంట్లో కింది వాటాలో కొలవడానికి వెళ్లాను. పద్ధతి చాలా మామూలుది. వెలుతురును లక్స్ అనే కొలమానంలో చూపే లక్స్ మీటర్ ఒకటి డాబా మీద, ఇంకొకటి గదిలో. డాబా మీది మీటర్‌కు ఎండ నేరుగా తగలకుండా చిన్న అట్టముక్క నీడ పెడతాం. పైనున్న అసిస్టెంట్ ఫోన్లో "ఇప్పుడు" అనగానే ఇద్దరం ఒకేసారి అంకె రాసుకోవాలి, మధ్యలో మబ్బుతునక అడ్డొచ్చినా బయటి లెక్క మారిపోతుంది. గదిలో మీటర్ బల్ల ఎత్తులో ఉండాలి, మన నీడ దాని మీద పడకూడదు, లైట్లన్నీ ఆపేయాలి. లైట్లు ఆపమనగానే ఆ ఇల్లాలు నవ్వింది. "పట్టపగలు లైటేస్తే ఇంటికి మంచిది కాదంటారు మేడమ్ మా అత్తగారు. వెయ్యకపోతే బియ్యంలో రాళ్లు కనపడవు. ఆవిడ చాట పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి కూర్చుంటారు, నేను లైటేసుకుంటాను" అంది. అత్తగారు చేస్తున్నది శాస్త్రీయంగా సరైన పనే. ఆ ఇంట్లో ఆకాశం కనపడే చోటు గుమ్మమొక్కటే.

వంటింటికి ఎంత వెలుతురు ఉండాలో మనకు ప్రమాణం లేదా? ఉంది. రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు మన ఆకాశాన్ని కొలిచి మరీ ఇచ్చారు. యూరప్ లెక్కలు మబ్బు పట్టిన ఆకాశానివి, మనకు కుదరవు. అందుకని సూర్యుడు దిగంతానికి 15 డిగ్రీల పైన ఉన్నప్పటి నిర్మలాకాశాన్ని తీసుకుని, నేరు ఎండ కలపకుండా బయటి వెలుతురు 8,000 లక్స్‌గా స్థిరపరిచారు. దాని మీద ఆధారపడ్డదే 1975 నాటి ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 2440. వంటింటికి ఆ 8,000లో 2.5 శాతం, అంటే 200 లక్స్. చదువుకునే గదికి 1.9 శాతం, అంటే 150. హాలుకు 50 చాలు. అరవై ఏళ్లు దాటినవాళ్ల కళ్లకు ఇవి కూడా చాలవు, అది వేరే చర్చ. అర్ధశతాబ్దంగా ఈ అంకెలు మన దగ్గరున్నాయి. ప్లాన్ అప్రూవల్‌లో గానీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు గానీ వీటిని ఒక్కసారైనా సరిచూసిన అధికారి నాకు తారసపడలేదు.

లెక్క కష్టమనే రోజులు పోయాయి. మేం నేర్చుకున్న కాలంలో ట్రేసింగ్ పేపర్ మీద ప్రొట్రాక్టర్లు పెట్టి గీసేవాళ్లం. ఫోమ్ బోర్డుతో ఇరవయ్యో వంతు సైజు గదులు చేసి డాబా మీద పెట్టి కొలిచేవాళ్లం. గాలి, వేడి చిన్న మోడల్‌లో సరిగ్గా తేలవు, వెలుతురు మాత్రం తేలుతుంది. గది ఎంత చిన్నదైనా కొలతల నిష్పత్తి, గోడల రంగులు మారకపోతే లోపలికి వచ్చే శాతం మారదు. తర్వాత అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌లో గ్రెగ్ వార్డ్ తయారుచేసిన రేడియన్స్ సాఫ్ట్‌వేర్ మా చేతికొచ్చింది. మొదట్లో ఒక్క బొమ్మ కోసం రాత్రంతా కంప్యూటర్ నడుస్తూనే ఉండేది. ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు ఏడాదిలో ప్రతి గంటకూ లెక్క వచ్చేస్తుంది.

ఆ లెక్క చేయించుకునేవాళ్లెవరో చెబితే మీకు నవ్వొస్తుంది. గచ్చిబౌలి, మాదాపూర్ అద్దాల టవర్లవాళ్లు. వాళ్లకు గ్రీన్ రేటింగ్ పాయింట్లు కావాలి. నా సంపాదనలో పెద్ద భాగం అక్కడిదే, దాచాల్సిన పని లేదు. రిపోర్టు ఇచ్చిన ఏడాదికి వెళ్లి చూస్తే కంప్యూటర్ల మీద మెరుపు పడుతోందని బ్లైండ్లు కిందికి దించి, లైట్లన్నీ వేసుకుని కూర్చుంటారు. ఉత్తరం వైపు ఎండ రాదని పాశ్చాత్య పాఠాలు చదివి అటు పూర్తిగా అద్దం పెట్టించేవాళ్లు ఇంకో రకం. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే పడుతుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అందరూ ఇలాగే కడతారని అనను. ఇదే నగరంలో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. నడుమ ఆరుబయలు, చుట్టూ గదులు, జాలీ గోడలతో కట్టిన ఆ గుండ్రటి భవనానికి 2003లో లీడ్ ప్లాటినం అనే గ్రీన్ రేటింగ్ వచ్చింది. మండువా లోగిలిలో పెరిగిన తాతయ్యలెవరైనా చూస్తే అందులో కొత్తేముందని అడుగుతారు.

టవర్ల సంగతి ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ దాటిన వాణిజ్య భవనాల కోసం రాసిన ఈసీబీసీ (ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్) 2017, అసలు వెలుతురునే లెక్కలోకి తీసుకుంటుంది. నేల మీద నిర్ణీత భాగంలో పగటి వెలుతురు 100 నుంచి 2,000 లక్స్ మధ్య ఉండాలంటుంది. 100 లోపు అయితే చాలదు, 2,000 దాటితే కళ్లు చెదురుతాయి. అంటే రోజుకు తొమ్మిది గంటలుండే ఆఫీసుకు వెలుతురు లెక్క ఉంది. రోజంతా ఉండే ఇంటికి మాత్రం అప్రూవల్‌లో చూసేది కిటికీ వైశాల్యం లెక్క ఒక్కటే. ముసలివాళ్లు, బాలింతలు, ఇంటి దగ్గర మిషను కుట్టుకునేవాళ్లు ఎక్కడ ఉంటారో మీకూ తెలుసు.

బడుల గురించి కూడా ఒక మాట. వెలుతురు పరిశోధనలో పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ లీసా హెషాంగ్ బృందం 1999లో మూడు స్కూల్ డిస్ట్రిక్టుల్లో 21,000 మందికి పైగా పిల్లల మార్కులను, వాళ్ల తరగతి గదుల వెలుతురును పక్కపక్కన పెట్టి చూసింది. కాలిఫోర్నియాలోని కాపిస్ట్రానోలో, వెలుతురు బాగా ఉన్న గదుల పిల్లలు అతి తక్కువ ఉన్న గదుల వాళ్లకంటే ఒక ఏడాదిలో లెక్కల్లో 20 శాతం, చదవడంలో 26 శాతం ఎక్కువ వేగంతో ముందుకెళ్లారు. ఈ అంకెను మా వృత్తిలో అందరూ స్లైడ్‌లో పెట్టుకుంటారు. అదే బృందం 2003లో ఫ్రెస్నోలో చేసిన అధ్యయనంలో ఆ ఫలితం మళ్లీ అలా కనపడలేదన్న సంగతి మాత్రం ఎవరూ పెట్టరు. అక్కడ తేలింది వేరు: కిటికీలోంచి బయటి దృశ్యం బాగా కనపడే గదుల్లో పిల్లలు మెరుగ్గా ఉన్నారు, కళ్లలో ఎండ గుచ్చుకునే గదుల్లో వెనకబడ్డారు. వెలుతురు పెంచితే ర్యాంకులు వస్తాయని నేను మీకు చెప్పను. కానీ మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో కొన్ని, ఒకప్పటి షాపింగ్ కాంప్లెక్సుల్లో, మూసేసిన ఫంక్షన్ హాళ్లలో నడుస్తున్నాయి. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పది దాకా పిల్లలు ట్యూబ్‌లైట్ కిందే. బయట వానో ఎండో తెలియదు. వాటికి ఫైర్ ఎన్‌వోసీ అడుగుతారు, మంచిదే. తరగతి గదిలో ఆకాశం కనపడుతోందా అనే గడి మీ దరఖాస్తులో లేదు.

ఇక డీవియేషన్లు. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము) వచ్చింది, 2015లో తెలంగాణలో బీఆర్ఎస్ వచ్చింది (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము). సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) మింగినవాడు ఫీజు కట్టి క్రమబద్ధం చేసుకోమన్నారు. ఆ ఫీజు ఖజానాకు వెళుతుంది. వెలుతురు పోయింది మాత్రం పక్కింటివాళ్లది, ఏళ్ల తరబడి పగటి లైట్ల కరెంటు బిల్లు కట్టేది వాళ్లే. నష్టపోయినవాడి పేరు ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు. కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, 20 ఏళ్లు నిరాటంకంగా అనుభవించిన వెలుతురు మీదే హక్కు వస్తుంది. పన్నెండేళ్ల కిందట కట్టుకున్నవాడికి ఆ సెక్షన్ అక్కరకు రాదు. అందుకే ఇది మీ చేతిలోనే ఉంది.

ఇళ్ల మధ్య సందులు పెంచమని నేను అడగడం లేదు. 120 గజాల్లో ఇల్లు కట్టుకునేవాడిని ఇంకో మీటరు వదలమంటే అతనికి మిగిలేది వరండా. నా మొదటి కోరిక చాలా చౌకైనది: సందు వైపు, డక్టు (భవనం లోపల పైదాకా వదిలే ఇరుకు ఖాళీ) వైపు గోడలకు బయట ప్లాస్టరింగ్ చేసి తెల్లగా వెల్ల వేశాకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వండి. ఆ గోడ ఫోటో అప్‌లోడ్ చేయిస్తే చాలు. పరంజాకు చోటు లేదంటే పక్కింటి స్థలంలోంచి పని చేసుకునే వీలు ఇద్దరికీ కల్పించండి, వెలుతురు ఇద్దరికీ వస్తుంది కాబట్టి తగవు తక్కువే ఉంటుంది.

డక్టుల సంగతి కాస్త కఠినంగా చూడాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో వెంటిలేషన్ షాఫ్టుల కొలతలున్నది బాత్‌రూముల కోసం. వాటిలోకి బెడ్‌రూము కిటికీ, వంటింటి కిటికీ తెరిచి, వాటి వైశాల్యం కూడా లెక్కలో చూపించి అప్రూవల్ తీసుకుంటున్నారు. నివసించే గది లోపలి ఆరుబయలు మీద ఆధారపడితే అది కనీసం 3 మీటర్ల వెడల్పు ఉండాలని అదే కోడ్ చెబుతోంది. డక్టులోకి తెరిచిన కిటికీని కిటికీగా లెక్కపెట్టకండి. బ్రోచర్లో "క్రాస్ వెంటిలేషన్, నేచురల్ లైట్" అని వేసే బిల్డర్లు అప్పుడు ప్లాను మార్చుకోక తప్పదు. వాస్తు కోసం రాత్రికి రాత్రి మెట్లు తిప్పగలిగినవాళ్లు కిటికీ తిప్పలేరా?

మూడోది ఆన్‌లైన్ అప్రూవల్‌కు సంబంధించింది. తెలంగాణలో బీపాస్ నుంచి బిల్డ్‌నౌ దాకా, ఆంధ్రలో డీపీఎంఎస్, డ్రాయింగులను సాఫ్ట్‌వేరే పరిశీలిస్తోంది. సెట్‌బ్యాక్, ఎత్తు, కిటికీ కొలతలు అన్నీ అందులో ముందే ఉన్నాయి. అతి కింది అంతస్తులో ప్రతి నివాస గదికీ ఎదుటి అడ్డు ఎన్ని డిగ్రీలో తేల్చడానికి ఇంటర్ లెక్క చాలు. పక్క ప్లాటు ఇవాళ ఖాళీగా ఉన్నా, అక్కడ చట్టప్రకారం రేపు ఎంత ఎత్తు లేవగలదో అంత ఎత్తు ఉన్నట్టే లెక్కేయాలి. లేకపోతే కొన్నాళ్లకే ఆ లెక్క చెల్లకుండా పోతుంది. ఇంట్లో కనీసం ఒక గదికి, వీలైతే వంటింటికి, బల్ల మీద నుంచి ఆకాశం కనపడాలి. కనపడని ప్లానును తిప్పి పంపమని అనను. కిటికీ ముందుకో వెనక్కో మార్చమనండి, పై అంతస్తు కాస్త వెనక్కి జరపమనండి, లింటెల్ ఎత్తించి పైన వెంటిలేటర్ పెట్టించమనండి. ఏదీ కుదరకపోతే ఆ గదికి పగటి వెలుతురు రాదని అమ్మకపు ఒప్పందంలో రాయించండి. కొనేవాళ్లకు అది తెలిస్తే ధర దానంతట అదే సర్దుకుంటుంది.

పెద్ద కిటికీలు పెడితే వేడి వస్తుంది, ఏసీ బిల్లు పెరుగుతుంది అని మీ ఇంజినీర్లు అభ్యంతరం చెబుతారు. పడమటి గోడ విషయంలో వాళ్లన్నది నిజం. నేను అడుగుతున్నది కిటికీ పెంచమని కాదు, ఆకాశం వైపు పెట్టమని. నేరు ఎండను సన్‌షేడ్ ఆపుతుంది, దాన్ని ఎటువైపు ఎంత పెట్టాలో కూడా లెక్క ఉంది. ఇప్పుడు మాత్రం ఎండే పడని సందులో కూడా అన్ని కిటికీలకూ ఒకే రెండడుగుల సన్‌షేడ్ వేసి, ఉన్న వెలుతురును కాస్తా ఆపుతున్నాం. వాన జల్లు ఆగడానికి అడుగు చాలు.

కోణం లెక్క తేల్చే ఎక్సెల్ షీటు, దాన్ని మామూలు 150 గజాల ప్లాను మీద ఎలా వాడాలో చూపే డ్రాయింగు మీ రెండు కార్యాలయాలకూ ఈ లేఖతో పాటు పంపాను. దానికి ఫీజు, కాపీరైట్ ఏమీ లేవు. ఒక్క మున్సిపాలిటీలో, ఒక్క వార్డులో, ఇప్పటికే అప్రూవ్ అయిన ప్లాన్ల మీద నడిపి చూడండి. కింది వాటాల్లో ఎన్ని గదులకు ఆకాశం ఉందో మీ రికార్డుల నుంచే తేలుతుంది. ఆ అంకె బయటపెట్టడానికి మీరు సిద్ధమైతే, లక్స్ మీటర్లు పట్టుకుని ఇంటింటికీ తిరగడానికి మా విద్యార్థులూ నేనూ సిద్ధం. వేసవి సెలవులు మొదలయ్యేలోపు జవాబిస్తే పిల్లలకు వీలుగా ఉంటుంది.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఆర్కిటెక్ట్